గొర్రు దిండు మీద మొదటి గీత

గడివేముల చుట్టుపక్కల నల్లరేగడిలో జొన్న, కొర్ర సాలు తప్పకుండా మొలిచాయంటే, ఆ లెక్క విత్తేనాడు కుదిరింది కాదు. విత్తనాలు వేసే గొర్రుకు పళ్లు దిగే అడ్డకొయ్య, అంటే దిండు మీద, వడ్రంగి గీత గీసిన రోజే కుదిరింది.

దిండుకు నల్లతుమ్మ మేలు. గొడ్డలితో బెరడు తీసి నీడన ఆరబెట్టాలి. పచ్చికొయ్య ఆరేకొద్దీ వంకరపోయి పళ్ల వరస చెడుతుంది.

ఆరిన మొద్దును రంపంతో కొలతకు కోసి బాడిశ అందుకోవాలి. ఈ పనికి పెద్ద దిక్కు అదేనంటాను. గొడ్డలి అంచు పిడికి బారుగా ఉంటుంది, బాడిశ అంచు అడ్డంగా ఉంటుంది. అందుకే తనవైపు చెక్కుకుంటూ పెచ్చు ఎంత మందాన లేవాలో చేతితోనే తేల్చుకోవచ్చు. నాలుగు ముఖాలూ దానితోనే చదునవుతాయి. మట్టిలో తిరిగే దిండుకు చిత్రిక అక్కర్లేదు, చెయ్యి ఆనే మేడికి మాత్రం పట్టాలి.

మసి పూసిన దారాన్ని బిగలాగి వదిలితే నడిమి గీత పడుతుంది. దాని మీద మూలమట్టం పెట్టి పళ్ల ఎడం గుర్తించాలి: జొన్నకు సుమారు 45 సెంటీమీటర్లు, కొర్రకు అందులో సగం.

అసలు నేర్పు తొలవడంలో ఉంది. గుర్తు దగ్గర బరమాతో బెజ్జాలు వేసి, మిగిలిన కొయ్యను ఉలీ కొడతీ పట్టి తీస్తారు. రెండు వైపుల నుంచీ నడిమికి రావాలి. ఒక్క వైపు నుంచే కొట్టుకుపోతే అవతలి అంచు చీలుతుంది. గోడలకు వెడల్పు ఉలి, మూలలకు సన్న ఉలి. రంధ్రాలన్నీ ఒకే వాలులో లేకపోతే ఒక పన్ను లోతుకు దిగుతుంది, ఇంకొకటి పైపైన గీరుకుంటూ పోతుంది. లోతున పడ్డ గింజ ఆలస్యంగా మొలుస్తుంది, పైన పడ్డది ఎండిపోతుంది. అంత దూరం పోయేది ఉలి పట్టిన వాలు.

పళ్లు దిగ్గొట్టి చీలలు బిగించాక, ఒక్కో పన్ను వెనక వెదురు గొట్టం అమర్చాలి. గొట్టాలన్నీ పైన జడ్డిగంలో కలుస్తాయి. ఈ చిన్న కొయ్యగిన్నెను వంపు ఉలితో తొలుస్తారు. ఇలా గొట్టాలతో విత్తే గొర్రు యూరప్ కనిపెట్టిన కొత్త పనిముట్టని 18వ శతాబ్దం చివర థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ అనుకునేవాడు. దక్షిణాది పొలాల్లో దాన్ని చూశాక వివరంగా రాశాడు. ఆ రాతను చరిత్ర పరిశోధకుడు ధరంపాల్ 1971లో తన పుస్తకంలో చేర్చారు.

కమ్మరి పళ్లకు ఇనుప మొనలు తొడిగాక గొర్రును నిలబెట్టి, గొట్టాల కింద గోనె పరిచి, జడ్డిగంలో జొన్నలు పోసి చూడాలి. ఏ గొట్టం కింద కుప్ప తగ్గితే, జడ్డిగంలో దాని బెజ్జాన్ని సన్న ఉలితో ఇంకాస్త విప్పాలి.