జ్వరమూ, మూత్రపిండాలూ: బస్తరు నేపథ్యంలో కరోనా

బస్తరులో జ్వరమనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది మలేరియా. సుక్మా, బీజాపూర్, నారాయణపూర్, దంతెవాడ జిల్లాల అరణ్యసీమలో అది తరతరాలుగా తిష్ఠ వేసిన వ్యాధి. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'మలేరియా ముక్త బస్తరు' ఉద్యమాన్ని ప్రారంభించి, ఇంటింటా రక్తపరీక్షలు జరిపించసాగింది. రెండు నెలలు తిరిగేసరికి కరోనా కారణంగా దేశమంతటా రాకపోకలు స్తంభించాయి. జ్వరమొకటే, కారణాలు రెండు. ఈ రెండు వ్యాధులూ మూత్రపిండాలను దెబ్బతీయగలవన్న సంగతి మాత్రం చాలినంత ప్రచారం పొందలేదు. అందరి దృష్టీ ఊపిరి మీదనే నిలిచింది.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టాలున్నవి. గుండె పంపే రక్తంలో ఇంచుమించు అయిదవ వంతు నిరంతరం మూత్రపిండాలకు చేరుతుంది. అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా విడిచి, తక్కినది రక్తానికి తిరిగి అప్పగిస్తాయి. ఇంతటి శ్రమ చేసే అవయవానికి రక్తప్రసారం గాని, ప్రాణవాయువు గాని కొంతసేపు కొరవడినా హాని తప్పదు.

కరోనా వైరస్ కణాలలోకి ప్రవేశించడానికి ఆధారం చేసుకొనే ఏస్-2 అనే ప్రోటీను మూత్రపిండ కణాలలో కూడా వున్నది. అందుచేత వైరస్ నేరుగా అక్కడికి చొరబడుతుందని కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. దీనిపై ఏకాభిప్రాయం కుదరలేదు. పరోక్షంగా కలిగే హాని విషయంలో మాత్రం సందేహం లేదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గడం, శరీరమంతటా వాపు లక్షణాలు రేగడం, సన్నని రక్తనాళాలలో గడ్డలు ఏర్పడడం, జ్వరంతోనూ విరేచనాలతోనూ నీరు తరిగిపోవడం వంటివన్నీ చివరకు మూత్రపిండం మీదనే భారం మోపుతాయి. ఒళ్ళునొప్పులకని ఇష్టానుసారం మింగే కొన్ని నొప్పిమాత్రలు ఆ భారాన్ని ఇంకా పెంచుతాయి.

న్యూయార్కు ప్రాంతంలోని నార్త్‌వెల్ ఆసుపత్రులలో 2020 మార్చి, ఏప్రిల్ మాసాలలో చేరిన 5,449 మంది కోవిడ్ రోగులను పరిశీలించగా, 36.6 శాతం మందికి మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్నట్లు తేలింది. వీరందరూ ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బుపడినవారు. ఇంటివద్దనే కోలుకున్న వారికి ఈ లెక్క వర్తించదు. మూత్రంలో ప్రోటీను, రక్తం కనబడడం కూడా ఆసుపత్రి రోగులలో తరచుగా గమనించినదే. కొందరికి మాటిమాటికి మూత్రానికి వెళ్ళవలసి వచ్చినది.

ఇక మలేరియా. ఫాల్సిపారమ్ జాతి క్రిమి సోకిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అంటుకొని, రక్తప్రసారానికి అడ్డు తగులుతాయి. ఎర్రకణాలు పెద్దయెత్తున చిట్లినప్పుడు మూత్రం కషాయం రంగుకు తిరుగుతుంది. కనుక బస్తరులో జ్వరపీడితునికి కరోనా వున్నదని తేలినంత మాత్రాన మలేరియా లేదని అనుకోరాదు. రెండు పరీక్షలూ అవసరమే.

అసలు వైరస్ సోకకపోయినా, ఆ కాలం ప్రాణాలు తీసింది. బీజాపూర్, సుక్మా జిల్లాల కూలీలు మిరపకోతలకై తెలంగాణకు రావడం పరిపాటి. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా నుండి కాలినడకన బయలుదేరిన పన్నెండేళ్ళ బాలిక, మూడు రోజుల నడక తరువాత, ఇల్లు మరికొంత దూరంలో వుందనగా కన్నుమూసింది. పరీక్షలో కరోనా కనబడలేదు. ఒంట్లోని లవణాల సమతౌల్యం చెడిపోవడమే కారణం కావచ్చునని అధికారులు తెలిపారు. నీటిని, లవణాలను సమతూకంలో నిలపడం మూత్రపిండాల పని. కాని ఎండలో నడిచే దేహానికి నీరే అందకపోతే అవి మాత్రం ఏమి చేయగలవు?

రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం పెరిగితే మూత్రపిండాలకు హాని జరిగినట్లు వైద్యులు గుర్తిస్తారు. కాని వాటి శక్తి సగానికి సగం తగ్గేవరకు ఈ సంఖ్య పెద్దగా కదలకపోవచ్చును. పైగా, అడవి పల్లెనుండి పరీక్షశాల చాలా దూరం. ఇంటనే తెలిసే కొలత మూత్రమే. పెద్దవారికి రోజంతా కలిపి 400 మిల్లీలీటర్లకు తగ్గినా, రంగు ముదిరినా, ముఖం, పాదాలు ఉబ్బినా ఆలస్యం కూడదు.

ఇచ్చట భాష కూడా కొంత అడ్డుపడుతున్నది. హిందీలో 'గుర్దా' అంటారు, లేదా 'వృక్క' అంటారు. తెలుగు మాటలో మూత్రం వున్నది. ఆ రెండింటిలో లేదు. హల్బీ, గోండీ, దొర్లీ మాట్లాడే ఇండ్లలో అవయవం పేరు చెప్పడంకంటె, "ఈ రోజు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళావు?" అని వారి మాటలోనే అడగడం మేలు. 2002 నుండి ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పనిచేస్తున్న మితానిన్‌లు అందుకు తగినవారు. మితానిన్ అంటే నెచ్చెలి.

బస్తరు వేసవిలో తాగే మండియా పేజ్, మన రాగి అంబలి వంటిదే. జ్వరంలో అది, ఓఆర్‌ఎస్ నీరు మేలు చేస్తాయి. అయితే మూత్రం అప్పటికే ఆగిపోయినవానికి మంచిదని కడవలకొద్దీ పోస్తే, ఆ నీరు ఊపిరితిత్తులలోకి చేరి ప్రమాదం తెస్తుంది. అట్టివానిని ఆసుపత్రికి తరలించవలసినదే.

గరియాబంద్ జిల్లా సుపేబేడాలోను, మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోను కరోనాకు మునుపే మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఎందరో వున్నారు. అట్టివారికి కరోనా మరింత ప్రమాదకరం. ఆరోగ్యంగా వుండి, జ్వరంలో మూత్రపిండాలు దెబ్బతిని కోలుకున్నవారు కూడా మూడు నెలల తరువాత క్రియాటినిన్‌ను, మూత్రంలోని ప్రోటీనును మరల పరీక్ష చేయించుకోవాలి. జగదల్‌పూర్ వరకు వెళ్ళలేనివారికి, రంగు మారే పట్టీని మూత్రంలో ముంచి చూచే తేలికైన పరీక్ష దగ్గరి ఆరోగ్యకేంద్రంలోనైనా చేయవచ్చును.