దుప్పటి ఇచ్చే ముందు పేరడగండి

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో దుప్పట్లు, చీరల పంపిణీ మొదలవుతుంది. మంచి పనే. కానీ ఆ పంపిణీ ఫొటోను ఒక్కసారి నిదానంగా చూడండి. దుప్పటి ఒక కొస దాత చేతిలో, రెండో కొస పెద్దావిడ చేతిలో ఉంటాయి. ఫొటో పడేదాకా దాత వదలడు. "ఇటు చూడమ్మా" అని ఎవరో కేకేస్తారు. ఆమె కొంగు సర్దుకుని ఫోను వైపు చూస్తుంది. తెల్లారేసరికి ఆ బొమ్మ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. ఆమె పేరు మాత్రం ఇచ్చినవాళ్లలో ఎందరికి తెలుసు?

సేవకు ముందు పరిచయం కావాలి. అది లేకుండా ఎంత విలువైనది ఇచ్చినా పుచ్చుకునేవారికి తలవంపుగానే ఉంటుంది.

బైబిల్లోని రూతు గ్రంథంలో బోయజును చూడండి. పొలం అంచులదాకా కోయకూడదనీ, రాలిన పరిగె పేదలకూ పరదేశులకూ వదిలేయాలనీ లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతోంది. అంటే పరాయి దేశం నుంచి వచ్చిన పేద విధవ రూతుకు బోయజు పొలంలో పరిగె ఏరుకోవడం హక్కు. కాదనకుండా ఉంటే బోయజు బాధ్యత తీరిపోయేది. ఆయన అక్కడితో ఆగలేదు. ఈ అమ్మాయి ఎవరని వాకబు చేశాడు. ఆమెతోనే మాట్లాడి, అత్తగారి కోసం ఆమె చేసిందంతా తాను విన్నానన్నాడు. భోజనం వేళ కోతగాళ్ల పక్కనే కూర్చోబెట్టి పేలాలు అందించాడు. ఆమె లేచి పనిలోకి వెళ్లాక కూలీలకు మరో మాట చెప్పాడు: పనల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే జారవిడవండి, ఆమెను ఒక్క మాట కూడా అనకండి అని. సాయంత్రం రూతు ఇంటికి మోసుకెళ్లిన యవలు తన ఒళ్లు వంచి ఏరుకున్నవి, తన చేత్తో దుళ్లగొట్టుకున్నవి. ఇవ్వడంలో ఇంత నేర్పు నేను మరే కథలోనూ చూడలేదు.

మన ఒంగోలు నేల మీదా ఇలాంటిదే జరిగింది. 1876-78 ధాత కరువులో జనం ఆకలితో అల్లాడుతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకున్నారు. వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చారు. మేస్త్రీలుగా తమ బోధకులనే పెట్టారు. ఆకలితో వచ్చినవాడికి అదిలించే అధికారి బదులు పక్కన కూర్చుని కష్టసుఖాలు అడిగే మనిషి దొరికాడు. కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం ఎవరూ విశ్వాసంలోకి రాకూడదన్నది ఆయన పట్టుదల. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా గొప్పది, అంతకుముందు ఆయన వద్దని ఆపిన కాలం.

ఇక మన సంగతి. ఏం కావాలో అడగండి. బర్తిమయి గుడ్డివాడని యెరికోలో అందరికీ తెలుసు. అయినా నీకేం చేయాలని ప్రభువు అతణ్ణే అడిగారు. భర్త పోయిన సహోదరి ఇంటికి మనం బియ్యం బస్తా పట్టుకెళ్తాం. ఆమెకు కావలసింది మరణ ధ్రువపత్రం కోసం మున్సిపల్ ఆఫీసుకు తోడు వచ్చే మనిషి కావచ్చు. లేదా పింఛను కాగితాలు నింపిపెట్టే చేయి కావచ్చు. అడిగితేనే కదా తెలిసేది!

మనం సాయం చేసేవాళ్ల దగ్గర పుచ్చుకోవడమూ నేర్చుకోండి. యాకోబు బావి దగ్గర సమరయ స్త్రీతో ప్రభువు మాట కలిపింది దాహమడిగే. ఆ సహోదరి టీ పెడితే, "ఎందుకమ్మా శ్రమ" అనకుండా కూర్చుని తాగండి. ఆమెకు కుట్టుపని వస్తే మీ జాకెట్లు ఆమెకే ఇవ్వండి, బేరమాడకుండా డబ్బులివ్వండి. మీ అమ్మాయికి జ్వరమొస్తే ప్రార్థించమని ఆమెనే అడగండి.

ప్రార్థన అన్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఫలానా సహోదరి ఇంట్లో గొడవలు, భర్త తాగొచ్చి కొడుతున్నాడు, ప్రార్థించండి" అని గ్రూపులో పెట్టేస్తుంటాం. మనసు మంచిదే కావచ్చు. కానీ ఆమె నమ్మి ఒక్కరికి చెప్పుకున్న బాధ ఇప్పుడు రెండొందల మంది నోళ్లలో పడింది. ఆదివారం మందిరానికి ఏ ముఖం పెట్టుకుని వస్తుంది? పంచుకునే ముందు "చెప్పమంటావా?" అని ఆమెను అడగండి. వద్దంటే అక్కడితో ఆపండి. కొడుతున్నాడంటే ప్రార్థించి ఊరుకోకండి. ఆమె సరేనంటే వెంట వెళ్లి నిలబడండి. పాస్టరుగారి దగ్గర్నుంచి యూత్ పిల్లల దాకా ముందు అడిగే ఈ అలవాటు అందరికీ కావాలి. వచ్చే ఆదివారం ప్రార్థన మనవులు చదివే ముందే మొదలుపెట్టొచ్చు.