వంటింటి వారసత్వం

ఒక కుటుంబపు ఆస్తి అనగానే పొలం, ఇల్లు, బంగారం గుర్తుకు వస్తాయి. వీలునామాలో ఎక్కని ఆస్తి ఒకటి ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. అది ఆ ఇంటి వంట. పులుసులో బెల్లం ఎప్పుడు వేయాలి, ఊరగాయకు కాయ ఏ ముదురులో కోయాలి, పాకం ఏ తీగలో దించాలి అన్న విషయాలు తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి నోటిమాటగా సంక్రమిస్తూ వచ్చాయి. పొలాన్ని పంచుకుంటే తరుగుతుంది. వంట పంచుకుంటే తరగదు సరికదా, పంచుకోనినాడే అది నశిస్తుంది. ఈ సత్యాన్ని గ్రహించి తమ ఇంటి వంటను ఇతరులకు అందించిన కొందరు స్త్రీల కృషిని, ఆ కృషిలోని చిక్కులను తెలుసుకోవడం విద్యార్థులకు ఉపయోగకరం.

రాజుల వంట, ప్రజల వంట

వంటను గురించి గ్రంథాలు వ్రాయడం మన దేశానికి కొత్త కాదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన ‘మానసోల్లాసం’లో భోజన పదార్థాల వర్ణన ఉంది. 16వ శతాబ్దం తొలినాళ్లలో మూడవ మంగరసు కన్నడంలో ‘సూపశాస్త్రం’ రచించాడు. దాదాపు అదే కాలంలో మాండూ సుల్తానుల ఆస్థానంలో ‘నిమత్‌నామా’ అనే సచిత్ర పాకగ్రంథం వెలసింది.

అయితే ఇవన్నీ రాజప్రాసాదాల వంటశాలలకు చెందినవి. సామాన్య గృహిణి ప్రతిదినమూ చేసే వంటను ఎవరూ గ్రంథస్థం చేయలేదు. నేర్పేవారూ నేర్చుకునేవారూ ఒకే పొయ్యి ముందు కూర్చున్నంతకాలం ఆ అవసరమూ కలగలేదు. అవసరం కలిగినా వ్రాయగలవారు అరుదు. 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి ఒక్కరైనా లేరు. ఆ స్త్రీల జ్ఞాపకశక్తే తరతరాల వంటకు గ్రంథాలయమయింది.

చేతి కొలత

నోటిమాటగా వచ్చిన విద్యకు దానికే తగిన కొలతలు ఉన్నాయి. తెలుగునాట చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు అన్నవి చేతి కొలతలు. గిద్ద, సోల, తవ్వ, మానిక అన్నవి పాత్ర కొలతలు. సాధారణంగా నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అన్నం వండేటప్పుడు బియ్యం పైన వేలి కణుపు మునిగేటంత నీరు పోయడం మరొక కొలత. ఇవి ఆ ఇంటి పాత్రకు, ఆ చేతికి సరిపోయేవి. 1956 నాటి చట్టం ననుసరించి 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు ప్రవేశించి, 1962 నాటికి తప్పనిసరి కావడంతో వీశె, పలం, తులం అంగడి నుంచి తొలగాయి. పాత కాగితాలమీద వీశెలలో వ్రాసుకున్న ఊరగాయ లెక్కలు మనుమరాలి తరానికి అర్థంకాని భాష అయ్యాయి.

కొలత కంటే కష్టమైనది కారణం. ఆవకాయను ఉదాహరణగా తీసుకోవచ్చు. టెంక కట్టిన పుల్లని కాయలను కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొడతారు. లోపలి జీడిని తీసివేస్తారు. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి నువ్వుల నూనెతో జాడీకి ఎత్తుతారు. మూడవ నాడు తిరగ కలిపి ఉప్పు చూస్తారు. తడి చేయి తగలరాదనీ, మూడవ నాటిదాకా ఉప్పు సరిచూడరాదనీ పెద్దలు శాసించేవారు. ఈ శాసనాల వెనుక శాస్త్రం ఉంది. ఉప్పు ముక్కలోని నీటిని క్రమంగా వెలికి లాగుతుంది. ఆ ఊట దిగిన తరువాతనే ఉప్పు అసలు పాలు తెలుస్తుంది. పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది. మామిడి పులుపు, ఆవ ఘాటు బూజును నిరోధిస్తాయి. తడి గరిటె పెడితే ఉప్పు పలచబడి బూజుకు తావు దొరుకుతుంది. పాళ్లు మాత్రమే వ్రాసుకొని ఈ కారణాన్ని వదలివేస్తే ఊరగాయ ఆ సంవత్సరమే పాడవుతుంది.

ఉత్తరాల నుంచి గ్రంథాలకు

కుటుంబాలు ఉద్యోగాలకై దూరప్రాంతాలకు తరలిపోయినప్పుడు ఒకే పొయ్యి ముందు సాగిన విద్యకు అంతరాయం కలిగింది. చెన్నపట్నంలో రాత్రి రుబ్బితే తెల్లవారేసరికి పొంగే ఇడ్లీపిండి ఢిల్లీలో మాఘమాసపు చలికి పొంగదు. అడుగుదామంటే అమ్మ పక్కన లేదు. అప్పుడు ఉత్తరం ఆధారమయింది.

తమిళంలో ఎస్. మీనాక్షి అమ్మాళ్ గ్రంథం ఇటువంటి ఉత్తరాల నుంచే పుట్టింది. చిన్న వయసులోనే వైధవ్యం పొందిన ఆమె వంటలో నేర్పరి. బంధుమిత్రులు ఆమెను సందేహాలు అడుగుతూ ఉండేవారు. కుటుంబ పెద్ద, న్యాయవాది అయిన కె.వి. కృష్ణస్వామి అయ్యర్ ఆ సమాధానాలన్నీ పుస్తకంగా వ్రాయమని ప్రోత్సహించారు. 1951లో ‘సమైత్తుప్ పార్’ వెలువడింది. ‘వండి చూడు’ అని ఆ పేరుకు అర్థం. పరదేశానికి కాపురానికి వెళ్లే వధువు పెట్టెలో చీరలతోపాటు ఈ పుస్తకాన్ని ఉంచడం అనేక తమిళ కుటుంబాలలో ఆచారమయింది.

వంగదేశంలో ఈ పని అంతకు అర్ధశతాబ్దం పూర్వమే ఆరంభమయింది. దేవేంద్రనాథ్ ఠాకూరు మనుమరాలు ప్రజ్ఞాసుందరీ దేవి ‘పుణ్య’ అనే పత్రికను నడుపుతూ అందులో వంటలను ప్రకటించారు. ఆమె ‘ఆమిష్ ఓ నిరామిష్ ఆహార్’ అనే గ్రంథాన్ని సంపుటాలుగా వెలువరించారు. వంటింటి మాటలకు అర్థాలు కూడా అందులో చేర్చారు. అస్సామీ సాహిత్యంలో సుప్రసిద్ధుడైన లక్ష్మీనాథ్ బెజ్‌బరువా ఆమె భర్త. ఆ విధంగా రెండు భాషల వంటిళ్లు ఒక కుటుంబంలో కలిశాయి. అకాలమరణం పొందిన తమ కుమార్తె సురభి పేరును ఆమె ఒక పాయసానికి పెట్టారు. వంట పేరు కూడా ఒక జ్ఞాపకచిహ్నం కాగలదని దీనివల్ల తెలుస్తుంది.

మరాఠీలో కమలాబాయి ఓగలే 1970లో ‘రుచిరా’ను ప్రకటించారు. ఆమె పాఠశాల చదువు స్వల్పం. అత్తగారి వద్ద నేర్చిన వంటను ప్రతి ఇంటిలోనూ ఉండే గిన్నె, చెమ్చా కొలతలతో వివరించారు. ఆ పుస్తకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. తెలుగులో మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ ఎన్నో ముద్రణలు పొందింది. నవలాకారిణిగా ఖ్యాతి పొందిన ఆమె ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో దశాబ్దాలపాటు నడిపిన ‘ప్రమదావనం’ శీర్షిక పాఠకురాండ్రకు ఇంటి పెద్ద సలహా వంటిది. ఈ నలుగురి భాషలు వేరు, వంటలు వేరు. తాము నేర్చిన విద్యను దాచుకోకపోవడం మాత్రం నలుగురికీ సమానం.

ఒక చేప, మూడు పేర్లు

ఇంటి వంట ఎంత ప్రత్యేకమైనదో, దాని వేళ్లు ఎంత దూరం వ్యాపించి ఉంటాయో ఒక చేప తెలియజేస్తుంది. సముద్రంలో ఉన్నప్పుడు విలస అని పిలువబడే చేప వరదకాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చి పులస అవుతుంది. అదే చేప వంగదేశంలో ఇలిష్. సింధు నదిలో దాని పేరు పల్లా. గోదావరి తీరాన దానిని చింతపండు పులుసులో బెండకాయలతో మట్టిదాకలో సన్నని సెగపై వండి, మరునాడు తింటారు. వంగ గృహిణి ఆవముద్ద, పచ్చిమిరప, ఆవనూనె పట్టించి ఆవిరిపై ఉడికిస్తుంది. సింధీ ఇంటిలో ఉల్లి, కొత్తిమీర మసాలాతో ఇగురుస్తారు.

1947లో దేశం విభజింపబడినప్పుడు సింధు ప్రాంతం నుంచి తరలివచ్చిన కుటుంబాలలో చాలామంది కల్యాణ్ సమీపంలోని సైనిక శిబిరాలలో తలదాచుకున్నారు. ఆ స్థలమే తరువాత ఉల్లాస్‌నగర్ అయింది. ఇళ్లు, పొలాలు, నది అన్నీ వెనుకనే మిగిలాయి. సరిహద్దు దాటి వారు తేగలిగిన వాటిలో వంట ఒకటి. నది మారినా ఇగుర్చే పద్ధతి మారలేదు. చేతిలో ఉన్న విద్యను ఏ సరిహద్దూ ఆపలేదు.

దాపరికం, విస్మరణ

ఈ వారసత్వంలో లోపాలు లేవనడం సత్యం కాదు. కొన్ని కుటుంబాలలో మెట్టినింటికి పోయే కూతురికి చెప్పక, కోడలికి మాత్రమే చెప్పే దాపరికం ఉండేది. కులభేదాలు వంటింటి గడపను మరింత ఎత్తు చేశాయి. అచ్చయిన గ్రంథాలలో అధికభాగం చదువుకున్న వర్గాల వంటలనే ఒక ప్రాంతపు వంటగా చూపాయి. జొన్నరొట్టె, అడవి ఆకుకూర, ఎండుచేప తిని బ్రతికిన కోట్లాది ఇళ్ల వంట ఆ పుటలలో చాలాకాలం కనిపించలేదు. మరాఠ్వాడా దళిత కుటుంబాల ఆహారాన్ని గురించి షాహూ పాటోళే మరాఠీలో వ్రాసిన ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ 2015లో వెలువడి ఈ కొరతను ఎత్తిచూపింది. ‘అన్నం పూర్ణబ్రహ్మం’ అనే ప్రసిద్ధోక్తిని ఆ పేరు ప్రశ్నిస్తున్నది. అందరి పొయ్యిలూ చేరనిదే దేశపు వంట పూర్ణం కాదు.

విద్యార్థులు చేయదగిన పని

ఇంటిలోని పెద్దల వంటను వ్రాసి ఉంచడం విద్యార్థులు సులభంగా చేయగల పని. అందుకు కొన్ని సూచనలు:

1. వంట చెప్పించుకోవడం కాక, చేస్తుండగా పక్కన ఉండి చూసి వ్రాయాలి. చేయి చేసే పనులన్నీ నోటికి గుర్తుండవు.

2. పెద్దలు తీసిన పిడికెడును పాత్రలో పడకముందే తూచి, గ్రాములలో కూడా వ్రాయాలి. కాని ‘పిడికెడు’ అన్న మాటను కొట్టివేయరాదు.

3. ప్రతి నియమానికీ కారణం అడగాలి.

4. ఇంటి మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాయాలి. ఇగుర్చడం, మగ్గించడం, వార్చడం ఒకటి కావు.

5. ఎవరి వద్ద, ఏ ఊరిలో నేర్చుకున్నారో చేర్చాలి. ఒక వంట వెనుక ఒక వలస, ఒక వివాహం, ఒక కరువు ఉండవచ్చును.

6. వ్రాసినదానిని మరొక ప్రాంతపు సహాధ్యాయికి ఇచ్చి, అతని ఇంటి వంటను అడిగి తీసుకోవాలి.

ఒక తరగతిలోని విద్యార్థులందరూ ఒక్కొక్క వంట వ్రాసినా, ఏ గ్రంథాలయంలోనూ లేని పుస్తకం ఒకటి సిద్ధమవుతుంది. దానికి ఆలస్యం పనికిరాదు. జాడీలోని ఊరగాయ ఏడాది నిలుస్తుంది. దానిని పెట్టిన చేయి ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు.