ఎవరి వంతు వారిదే: ఫాలౌట్ టాక్టిక్స్‌తో ఒక నెట్‌వర్క్ పాఠం

కంప్యూటర్ గేము అనగానే వార్డెన్ గారు స్టడీ అవర్ గుర్తుచేస్తారు. అది సబబే. కానీ ఎం.సి.ఎ.లో నెట్‌వర్కుల పాఠం మా బుర్రకెక్కింది ఒక గేము వల్లనే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల హాస్టళ్ల తమ్ముళ్ల కోసం దాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ఆ గేము ఫాలౌట్ టాక్టిక్స్. ఆస్ట్రేలియాకు చెందిన మైక్రో ఫోర్టే సంస్థ తయారుచేయగా 2001లో విడుదలైంది. అణుయుద్ధంలో లోకం బూడిదయ్యాక, మిగిలినవారు దళాలుగా చేరి పోరాడటం ఇందులోని కథ. పలువురు కలిసి ఆడేటప్పుడు కథ ఉండదు, దళానికి దళం ఎదురు. నిర్ణీతమైన పాయింట్లతోనే మనుషులను, తుపాకులను కొనుక్కోవాలి. ఒక మహావీరుణ్ణి కొంటే వాడి పక్కన నిలబడే వాడికి ఏమీ మిగలదు. నెలకింతని వచ్చే మెస్ చార్జీలతో నడిచే హాస్టల్ వాళ్లకు ఈ లెక్క వేరే చెప్పాలా!

అసలు విషయం ఆడే పద్ధతిలో ఉంది. నడిచినా, కాల్చినా యాక్షన్ పాయింట్లు ఖర్చవుతాయి. నిరంతర పద్ధతిలో అందరూ ఒకేసారి కదులుతారు, ఖర్చయిన పాయింట్లు ఆట సాగుతుండగానే నిండుతుంటాయి. వంతుల పద్ధతిలో ఒకరి వంతు అయ్యేదాకా రెండోవారు ఆగాలి.

ఈ తేడా ఎంతటిదో చూడండి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గేము కథ మొదలయ్యే షికాగో ప్రాంతం మనకు 13 వేల కిలోమీటర్ల పైనే. సర్వరు అక్కడుందనుకుందాం. కబురు పోవడానికి 65, రావడానికి 65, వెరసి 130 మిల్లీసెకన్లు ఎవరూ తప్పించలేరు. కేబుల్ తిన్నగా పోదు, దారిలో రూటర్లున్నాయి, కనుక ఇంకా ఎక్కువే పడుతుంది. నిరంతర పద్ధతిలో జమ్మలమడుగు కుర్రవాడు మీట నొక్కిన కబురు చేరేలోపే షికాగో వాడి తూటా తగిలి ఉంటుంది. చూసేవాళ్లు "వీడికి చురుకు లేదు" అంటారు. ఫోన్ గేముల్లో ఇలాగే ఓడిపోయి, తమకు తెలివి లేదని నిజంగా నమ్మినవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. ఆ ఓటమిలో దూరం వాటా ఎంతో వారికి ఎవరూ లెక్కగట్టి చూపలేదు.

వంతుల పద్ధతిలో ఆ 130 మిల్లీసెకన్లకు విలువ లేదు. పాత కంప్యూటరైనా, నెమ్మది లైనైనా నీ వంతు నీకు దక్కుతుంది.

అరుగుబండ మీద సుద్దముక్కతో గీసి ఆడే పులి-మేక గుర్తుందా? 3 పులులు, 15 మేకలు. బలాలు సమానం కాదు, వంతులు సమానం. పులి దూకడానికి మేక వెనుక గడి ఖాళీగా ఉండాలి. అక్కడ ఇంకో మేకను నిలిపితే పులి ఆటకట్టు! వంతు కోసం ఆగే సమయమే మేకల వైపువాడికి ఆలోచించుకునే సమయం.

ఇంటర్నెట్‌లో ఈ గేము ఆటగాళ్లను కలిపిన గేమ్‌స్పై సేవ 2014 మే 31న మూతపడింది. లాన్ మీద ఆడటానికి దానితో పనిలేదు. రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్, రెండు కేబుళ్లు చాలు. ఒకదానికి 192.168.1.1, రెండోదానికి 192.168.1.2 అడ్రసు, రెండింటికీ 255.255.255.0 మాస్క్ ఇవ్వండి. గేము పెట్టేముందు ఒకదాని నుండి రెండోదానికి పింగ్ కొట్టండి. 1 మిల్లీసెకను లోపే జవాబు వస్తుంది. తర్వాత ఫోన్ డేటా మీద ఏదైనా దూరదేశపు సర్వరుకు కొట్టి, రెండు అంకెలనూ నోట్సులో పక్కపక్కన రాసుకోండి.