ఫొటోను విప్పకుండానే కొలవాలి

సాస్తి, రాజురా తాలూకా

బుజ్జీ,

నువ్వు పంపిన ప్రోగ్రాం మొత్తం చదివాను. రాజురాలో ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణాల వాళ్లకు పనికొచ్చేలా ఫొటో కొలతలు చెప్పే ప్రోగ్రాం రాయాలన్న ఆలోచన బాగుంది. సాస్తి పిల్లలు దరఖాస్తులు పెట్టేది ఆ దుకాణాల్లోనే కదా. బ్యాంకు పరీక్ష ఫారం 200 × 230 పిక్సెళ్ల ఫొటో అడుగుతుంది, ఫోనులో దిగినది 4000 × 3000 ఉంటుంది. ఆఖరి తేదీ సాయంత్రం దాకా ఆ తేడా ఎవరి కంటా పడదు.

రెండు అలవాట్లు మాత్రం నాకు నచ్చలేదు. ఫైల్ పేరు చివర జేపీజీ అని ఉంటే అది జేపెగ్ అని నమ్మేస్తున్నావు. పీఎన్‌జీ ఫైలుకు పేరు మార్చేసి జేపెగ్ అయిందనుకునే వాళ్లు ఎంతమందో! ఇక రెండోది, కొలతల కోసం బొమ్మంతా మెమరీలో విప్పుతున్నావు. 4000 × 3000 ఫొటో విప్పితే 3 కోట్ల 60 లక్షల బైట్లు. నీకు కావలసింది రెండంకెలే. పిల్లో లైబ్రరీ ఫైల్ తెరిచినప్పుడు తలభాగం మాత్రమే చదివి ఊరుకుంటుంది, పాపం దాని తప్పేమీ లేదు. తెరిచిన మరుక్షణమే నువ్వు దాన్ని అర్రేగా మార్చావు. సైడింగులో నిలబడ్డ బొగ్గు వ్యాగన్ చూశావుగా, ఖాళీ బరువెంతో, ఎంత మోస్తుందో పక్కనే పెయింటుతో రాసి ఉంటుంది. అది తెలుసుకోడానికి ఎవరూ బొగ్గు దింపరు.

ముందు పీఎన్‌జీతో మొదలుపెట్టు, అది మర్యాదస్తురాలు. హెక్స్‌లో తెరిస్తే మొదటి ఎనిమిది బైట్లు ఎప్పుడూ ఇవే: 89 50 4ఈ 47 0డీ 0ఏ 1ఏ 0ఏ. 1990లలో దాన్ని రూపొందించిన వాళ్లు ఊరికే పెట్టలేదు వీటిని. 89 ఎందుకంటే, ఏడు బిట్లే మోసే పాత లైన్ల మీదుగా వస్తే ఆ పై బిట్ రాలిపోయి విషయం పట్టుబడుతుంది. తర్వాతి మూడూ ఫార్మాట్ పేరు. 0డీ 0ఏ జంట, చివరి 0ఏ ఉన్నది దారిలో ఎవరైనా లైను ముగింపులు మార్చితే దొరికిపోవడానికి. ఇంత ముందుచూపు ఉన్న ఎనిమిది బైట్లు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత నాలుగు బైట్లు పొడవు, నాలుగు బైట్లు ఐహెచ్‌డీఆర్ అనే పేరు. సున్నా నుంచి లెక్కపెడితే 16వ బైట్ దగ్గర వెడల్పు, 20వ బైట్ దగ్గర ఎత్తు. బ్యాంకు ఫొటో అయితే 00 00 00 సీ8, 00 00 00 ఈ6 అని కనిపిస్తుంది. సీ8 అంటే 12 పదహార్లు, పైన 8, మొత్తం 200. ఈ6 అంటే 230. ఇక్కడ పెద్ద బైట్ ముందు వస్తుంది. అదే తిరగేసి చదివావో, ఫొటో వెడల్పు 335 కోట్ల పైచిలుకు పిక్సెళ్లు తేలుతుంది. జిఫ్‌లో మాత్రం చిన్న బైట్ ముందు: 6వ బైట్ నుంచి రెండు వెడల్పు, 8 నుంచి రెండు ఎత్తు, 200 అయితే సీ8 00. కాబట్టి ఏ ఫార్మాటో తేల్చుకున్నాకే అంకెలు చదువు.

జేపెగ్ దగ్గరే నీ ప్రోగ్రాం బోల్తా పడింది. ఫోను ఫొటో ఇస్తే 160 × 120 అంటోందని రాశావు. ఎందుకో చెబుతాను. నువ్వు ఫైలంతా గాలించి ఎఫ్ఎఫ్ సీ0 అనే జంట ఎక్కడ మొదట దొరికితే అక్కడ ఆగుతున్నావు. ఫోన్లు, కెమెరాలు ఎగ్జిఫ్ భాగంలో చిన్న నమూనా బొమ్మ ఒకటి దాస్తాయి. అదీ పూర్తి జేపెగ్గే, దానికీ ఎఫ్ఎఫ్ సీ0 ఉంటుంది. నీకు దొరికింది ఆ పిల్లబొమ్మ కొలత!

వెతకడం మానేసి వరుసగా నడిచిపో. ఎఫ్ఎఫ్ డీ8 తో మొదలు. తర్వాత ప్రతి భాగం ముందు ఎఫ్ఎఫ్, దాని రకం, ఆపైన రెండు బైట్ల పొడవు ఉంటాయి. ఆ పొడవులో దాని రెండు బైట్లు కూడా కలిసే ఉంటాయి, మర్చిపోకు. అక్కరలేని భాగమైతే అంత దూరం దూకేయి, పిల్లబొమ్మ కూడా ఆ దూకుడులోనే దాటిపోతుంది. రకం సీ0 నుంచి సీఎఫ్ దాకా ఏది వచ్చినా ఆగు. సీ4, సీ8, సీసీ మాత్రం వేరే పనులవి, వదిలేయి. సీ0 మాత్రమే చూస్తే ప్రోగ్రెసివ్ ఫొటోలు తప్పిపోతాయి, వాటిది సీ2. మామూలు ఫొటోలో ఆగిన చోట ఇలా ఉంటుంది: ఎఫ్ఎఫ్ సీ0 00 11 08 0బీ బీ8 0ఎఫ్ ఏ0. 00 11 పొడవు, 08 ఒక్కో రంగుకు బిట్లు, 0బీ బీ8 అంటే 3000, 0ఎఫ్ ఏ0 అంటే 4000. ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. పీఎన్‌జీ అలవాటుతో చదివితే అందరి ఫొటోలూ పక్కకు పడుకుంటాయి.

అన్నట్టు, జేపెగ్ నడుస్తున్నదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్క మీద. దాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురిలో మన కామిశెట్టి రామమోహనరావు గారు ఒకరు, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉండేవారు. మిగతా ఇద్దరు నాసిర్ అహ్మద్, నటరాజన్. మీ కాలేజీలో ఈ పేర్లు చెప్పారో లేదో!

కొలత దొరికాక కూడా ఒక మెలిక ఉంది. ఫోను నిలువుగా పట్టుకుని తీసినా ఫైల్లో 4000 × 3000 అడ్డంగానే ఉండొచ్చు, ఎగ్జిఫ్‌లో ఓరియెంటేషన్ అంకె మాత్రం 6 అని ఉంటుంది. ఆ అంకె 5 నుంచి 8 దాకా ఏదైనా వెడల్పు, ఎత్తు తారుమారు చేసి చెప్పు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినదాంట్లో ఎగ్జిఫ్ ఉండదు కాబట్టి, దాంతో మాత్రమే పరీక్షిస్తే ఈ తప్పు నీకు కనబడదు. డాక్యుమెంట్‌గా పంపించమను.

తలభాగం చెప్పిందల్లా నిజమని నమ్మకు. 50,000 × 50,000 అని రాసి ఉన్న పీఎన్‌జీ, అంతా ఒకే రంగైతే, కొన్ని మెగాబైట్లలోనే ఇమిడిపోతుంది. విప్పితే పిక్సెలుకు నాలుగు బైట్ల చొప్పున వెయ్యి కోట్ల బైట్లు. ఆ దుకాణం కంప్యూటర్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. కొలత హద్దు దాటితే విప్పకముందే తిప్పి పంపు. సగం డౌన్‌లోడై ఆగిన ఫైళ్లూ వస్తాయి, 24 బైట్లయినా లేని పీఎన్‌జీలో ఎత్తు చదవబోకు. తెలియనప్పుడు 0 × 0 అని అబద్ధం చెప్పించకు, చదవలేకపోయానని చెప్పించు.

తెర మీద వచ్చే మాట గురించి కూడా చెప్పాలి. "చెల్లని ఫైల్" అని పెట్టావు, దాంతో ఆ దుకాణం అబ్బాయి ఏం చేస్తాడు? "ఈ ఫొటో 4000 × 3000 ఉంది, 200 × 230 కావాలి" అని రాయి. మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, ఇక్కడి బొగ్గు గని క్వార్టర్లలో ఇప్పటికీ తెలుగు చదివే పెద్దవాళ్లు ఉన్నారు. పిల్లల ఫారాల వెంట వెళ్లేది వాళ్లే.

జేపెగ్ భాగం మళ్లీ రాసి పంపు. నా ఫోనులో తీసిన నిలువు ఫొటోలు కొన్ని దీంతో పెడుతున్నాను, వాటితో పరీక్షించు.

మీ పెద్దబాపు