ఫ్లోరిడా నీటి బుగ్గల పార్కుకు ఒక్క రోజు ప్రయాణం: హక్కులు, నిబంధనలు (తరచూ అడిగే ప్రశ్నలు)

ఆర్లాండో, టాంపా, జాక్సన్‌విల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఎండలు ముదిరితే ముందు గుర్తొచ్చేది నీటి బుగ్గలే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మరీనూ. వెకైవా, బ్లూ స్ప్రింగ్, ఇచెటక్నీ, రెయిన్‌బో, సిల్వర్ స్ప్రింగ్స్ అన్నీ స్టేట్ పార్కులే. మహానంది కోనేట్లో అడుగున పడ్డ నాణెం పైకి కనిపించినట్టే, ఇక్కడ ఇరవై అడుగుల లోతులో ఇసుక రేణువు కూడా కనిపిస్తుంది. ఇంత అందమైన చోట ఇన్ని నిబంధనలేమిటని చాలామంది విసుక్కుంటారు. ఒక్కో నిబంధన వెనక ఉన్న కారణం తెలిస్తే ఆ విసుగు పోతుంది. ఏ కారణం చూసినా చివరికి ఆ నీటి దగ్గరికే వస్తుంది.

ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఫ్లోరిడా నేల కింద సున్నపురాయి పొరలున్నాయి. వాన నీరు వాటి పగుళ్లలోంచి ఇంకి, ఫ్లోరిడన్ అక్విఫర్ అనే పెద్ద భూగర్భ జలాశయంలో చేరుతుంది. రాయి ఎక్కడ తెరుచుకుంటే అక్కడ ఒత్తిడికి పైకి ఉబికి వస్తుంది. వెకైవాలో రోజుకు సుమారు 4.2 కోట్ల గ్యాలన్లు, బ్లూ స్ప్రింగ్‌లో దాదాపు 10 కోట్ల గ్యాలన్ల నీరు ఊరుతుంది. ఏ కాలంలోనైనా వేడి 72 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 22 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఆర్లాండో, జాక్సన్‌విల్ ఇళ్లలో కుళాయి తిప్పితే వచ్చేదీ ఈ జలాశయం నీరే. మనం రోజూ తాగే నీటిని కళ్లారా చూసే చోటు ఇది.

మేం ఇక్కడి పౌరులం కాదు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

నిశ్చింతగా తీసుకెళ్లండి. ప్రవేశానికి పౌరసత్వంతో పని లేదు. విద్యార్థి అయినా, ఉద్యోగి అయినా, చూడ్డానికి వచ్చిన అత్తగారైనా రుసుము కట్టి లోపలికి వెళ్లొచ్చు. చాలా పార్కులు ఏడాది పొడవునా ఉదయం 8 నుంచి సూర్యాస్తమయం వరకు తెరిచి ఉంటాయి.

రుసుము ఎంత?

వెకైవా, బ్లూ స్ప్రింగ్, ఇచెటక్నీల్లో 2 నుంచి 8 మంది ఉన్న బండికి 6 డాలర్లు, ఒక్కరే వస్తే 4, నడిచో సైకిల్ మీదో వస్తే మనిషికి 2 డాలర్లు. రెయిన్‌బో స్ప్రింగ్స్‌లో తలకు 2 డాలర్లు, ఆరేళ్ల లోపు పిల్లలకు ఉచితం. తరచూ వెళ్లేవాళ్లకు కుటుంబ వార్షిక పాస్ ఉంది: 120 డాలర్లు, పైన పన్ను. ఒక్క పాస్ మీద 8 మంది వెళ్లొచ్చు. పడవలకు, నీటిలో తేలే ట్యూబులకు, పిక్నిక్ షెడ్డుకు ఇచ్చే అద్దె వీటిలో కలవదు. ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు పార్కు అధికారిక పేజీ ఒకసారి చూసుకోండి.

అంత దూరం వెళ్లాక గేటు దగ్గర వెనక్కి పంపొచ్చా?

పంపొచ్చు. ప్రతి పార్కుకూ ఒక పరిమితి ఉంది. అది నిండగానే గేటు మూసేస్తారు, లోపలి వాళ్లు బయటికి వచ్చాకే మళ్లీ తెరుస్తారు. ఎండాకాలం శని, ఆదివారాల్లో వెకైవా లాంటి పార్కులు పొద్దున్నే నిండిపోతుంటాయి. ముందుగా రిజర్వేషన్ అడిగే పార్కుకు అది చేసుకునే వెళ్లాలి. గేటు మూశారని రోడ్డు పక్కన బండి పెట్టి నడిచి వెళ్తే, తిరిగొచ్చేసరికి దాన్ని లాక్కెళ్లిపోవచ్చు.

బ్రంచ్ చేసుకుని తాపీగా బయల్దేరే రోజు కాదిది. పులిహోర రాత్రే కలిపి పెట్టుకుని, ఎనిమిదింటికల్లా గేటు దగ్గర ఉండండి. వీలైతే మామూలు పనిరోజున వెళ్లండి. పిల్లలతో గేటు దగ్గర ఆగిపోతే బాధగానే ఉంటుంది, కానీ ఆ పరిమితి లేకపోతే మనం చూడాలని వెళ్లిన బుగ్గ మిగలదు.

చలికాలంలో ఈత కొట్టొచ్చా?

వెకైవాలో కొట్టొచ్చు. బ్లూ స్ప్రింగ్‌లో మాత్రం నవంబర్ మధ్య నుంచి మార్చి చివరి దాకా ఎవరూ నీళ్లలో దిగకూడదు. ఆ నెలల్లో ఆ నీళ్లు మానటీలవి. వెయ్యి పౌండ్ల బరువు తూగే ఈ గడ్డి మేసే జీవాలు చలిని తట్టుకోలేవు. నీటి వేడి 68 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే జబ్బు పడతాయి. సెయింట్ జాన్స్ నది చల్లబడగానే వెచ్చటి బుగ్గ నీళ్లలోకి వచ్చేస్తాయి. పిల్లలకు మానటీలను చూపించాలనుకుంటే మాత్రం అదే సరైన కాలం. ఒడ్డు వెంట చెక్కబాట మీద నుంచి, తల్లీ పిల్లా పక్కపక్కన నిద్రపోవడం తేటగా కనిపిస్తుంది.

ఈత కొడుతుంటే మానటీ మన దగ్గరికే వస్తే?

కదలకుండా ఉండండి, లేదా నెమ్మదిగా పక్కకు తప్పుకోండి. తాకడం, వెంటపడటం, మేత పెట్టడం, నీళ్లు పట్టడం, తల్లినీ పిల్లనూ విడదీయడం అన్నీ నేరాలే. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, 1978 నాటి ఫ్లోరిడా మానటీ శాంక్చువరీ చట్టం వాటికి రక్షణగా ఉన్నాయి. రాష్ట్ర చట్టం కింద 500 డాలర్ల వరకు జరిమానా, 60 రోజుల వరకు జైలు. ఫెడరల్ చట్టం కింద జరిమానా 50,000 డాలర్ల దాకా, జైలు ఏడాది దాకా ఉండొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఏ కేసైనా అదనపు తలనొప్పే. ఒక్క సెల్ఫీ కోసం అంత దూరం తెచ్చుకోకండి. గాయపడ్డ మానటీ కనిపిస్తే రేంజర్‌కు చెప్పండి, లేదా రాష్ట్ర వన్యప్రాణి సంస్థకు 888-404-3922 నంబరులో ఫోన్ చేయండి.

కార్తీక వనభోజనాలు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. చాలా పార్కుల్లో బల్లలు, గ్రిల్లులు ఉంటాయి, పెద్ద బృందానికి షెడ్డు అద్దెకిస్తారు. అరవై, డెబ్బై మంది వస్తున్నారంటే ముందుగా పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి, షెడ్డు, అనుమతి, వంట సంగతి మాట్లాడుకోండి. నిప్పు పార్కు వాళ్లు ఏర్పాటు చేసిన చోటే పెట్టాలి, ఎక్కడ పడితే అక్కడ మూడు రాళ్ల పొయ్యి కుదరదు. పెద్ద స్పీకర్లు పెట్టి పక్కవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు.

దీపాల గురించి ఒక మాట. అరటి దొప్పలో ఒత్తి వెలిగించి నీళ్లలో వదలాలని పెద్దవాళ్లకు ఉంటుంది. ఇక్కడ అది వద్దు. నూనె, పూలు, పసుపు, కుంకుమ, అక్షతలు ఏవీ ఆ నీళ్లలో కలవకూడదు. బల్ల మీద బ్యాటరీ దీపం పెట్టి దణ్ణం పెట్టుకోండి. గంగమ్మను శుభ్రంగా ఉంచడం కూడా పూజే, ఈ మాట మన పెద్దవాళ్లకు మనమే నచ్చజెప్పాలి.

ఇచెటక్నీలో ట్యూబులో తేలుతూ వెళ్లేటప్పుడు చిప్స్, వాటర్ బాటిళ్లు ఎందుకు తీసుకెళ్లనివ్వరు?

నది మీదికి తిండి, ఒకసారి వాడి పారేసే వస్తువులు, పొగాకు ఏవీ తేకూడదు. కారణం మీకు నది మీదే కనిపిస్తుంది. ట్యూబు మీద బోర్లా పడుకుని కిందికి చూడండి. పొడవాటి నీటి గడ్డి ఆకులన్నీ ప్రవాహం వైపే వాలి, మెల్లగా ఊగుతుంటాయి. వాటి సందుల్లో చిన్న చేపలు, నత్తలు, ఒక్కోసారి తాబేలు. ఒక ప్లాస్టిక్ కవరు ఆ గడ్డిలో చిక్కుకుంటే తీయడం కష్టం. కాళ్లు అడుగున ఆనించి నడిస్తే ఆ గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. ఒకప్పుడు అదుపు లేకుండా జనం దిగి ఈ నది గడ్డి చాలా మేర పోయింది. ఆ అనుభవంతోనే ఈ కట్టడి వచ్చింది. కాబట్టి బయల్దేరే ముందే ఒడ్డున కడుపునిండా తినండి, తేలండి, నిలబడకండి.

బీరు, కుక్కపిల్ల, డ్రోన్, గాలం: ఏవి తీసుకెళ్లొచ్చు?

మద్యం, పార్కు ప్రత్యేకంగా అనుమతించిన చోట తప్ప, కుదరదు. కుక్కపిల్లను తేవచ్చు కానీ ఆరడుగులకు మించని తాడుతోనే ఉండాలి, ఈత కొట్టే చోటికి రానివ్వరు. సహాయక జంతువులకు మినహాయింపు ఉంది. డ్రోన్ ఎగరేయకూడదు. చేపలు అనుమతించిన చోట పట్టొచ్చు, 16 ఏళ్లు నిండినవాళ్లకు సాధారణంగా రాష్ట్ర లైసెన్సు కావాలి. చూడ్డానికి వచ్చిన నాన్నగారు గాలం వేయాలంటే బయటి రాష్ట్రాలవారి లైసెన్సు ఆయన పేరున తీసుకోవాలి.

ఒక గవ్వ, ఒక రాయి తెచ్చుకుంటే తప్పా?

తప్పే. పార్కులోని మొక్కలు, జంతువులు, పాత కుండ పెంకులు, బాణపు మొనలు అన్నిటికీ చట్టరక్షణ ఉంది. పిల్లల చేతికి దొరికింది ఫోటో తీసుకుని అక్కడే వదిలేయమనండి.

ప్రమాదాల సంగతేమిటి?

చాలా బుగ్గల దగ్గర లైఫ్‌గార్డు ఉండరు. ఈత రాని పిల్లలకు లైఫ్ జాకెట్ వేసి, చేతికందే దూరంలో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. నీళ్లు తేటగా ఉండటంతో లోతు తక్కువ అనిపిస్తుంది, అక్కడే మోసపోతారు. చీరతో, పొడుగు చున్నీతో దిగొద్దు. తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది. మొసలి జాతి ఆలిగేటర్లు ఫ్లోరిడా నీళ్లలో ఎక్కడైనా ఉండొచ్చు. గుర్తు పెట్టిన ఈత ప్రాంతంలోనే, పగటి పూటే దిగండి. వాటికి మేత వేయడం చట్టవిరుద్ధం, ఎందుకంటే ఒకసారి మేత అలవాటైన ఆలిగేటర్ మనుషులంటే జంకదు.

ఇంటికొచ్చాక మన బాధ్యత అయిపోయినట్టేనా?

అసలు బాధ్యత అక్కడే మొదలవుతుంది. ఈ బుగ్గలకు పెద్ద బెడద నైట్రేట్. పచ్చిక ఎరువుల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి నేలలోకి ఇంకి అది భూగర్భ జలంలో కలుస్తుంది. దానితో నాచు పెరిగి నీటి గడ్డిని కప్పేస్తుంది. ఆరెంజ్, సెమినోల్ కౌంటీల్లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో పచ్చికకు నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎరువులు వేయకూడదన్న నిబంధన అందుకే. ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఈ కౌంటీల్లో చాలామందే ఉన్నారు. పచ్చిక చూసే మనిషితో ఈ ఒక్క మాట చెప్పండి, సంచి మీద ఏముందో చదవండి. వెకైవాలో మన పిల్లలు ఈదే నీరు మన పెరట్లోంచే బయల్దేరుతోంది.