తెల్లారేదాకా ఎర బతకాలంటే

ప్రశ్న: సౌదీలో, జుబైల్‌లో ఉంటాను. గురువారం సాయంత్రం పట్టిన చిన్న చేపలు శుక్రవారం గాలం వేసేసరికి బకెట్‌లోనే చచ్చి ఉంటున్నాయి. ఏం చేయాలి?

జవాబు: అసలు దొంగ వేడి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో అది ఇంకా ఎక్కువ కావాలి. వేసవిలో గల్ఫ్ నీళ్లు 30 డిగ్రీలు దాటే ఉంటాయి. అందుకని టబ్బును ఏసీ గదిలో పెట్టి, బ్యాటరీ ఏరేటర్‌ను రాత్రంతా ఆడించండి. ఐసు నేరుగా వేయొద్దు. గడ్డకట్టిన నీళ్ల సీసాను మూత బిగించి తేలేయండి, అదీ మెల్లగా చల్లబడేలా.

తర్వాతిది అమ్మోనియా, అంటే వాటి విసర్జనే. మేత పెట్టకండి. 10 లీటర్లకు వేలెడు చేపలు 4, 5 చాలు. ఆశపడి 20 వేస్తే ఇరవయ్యీ పోతాయి. పడుకోబోయే ముందు సగం నీళ్లు మార్చాలి. పట్టిన చోటి సముద్రపు నీళ్లే మరో క్యాన్‌లో తెచ్చి, టబ్బు పక్కనే ఉంచుకోండి. కుళాయి నీళ్లలో వంట ఉప్పు కలిపే తెలివి మాత్రం వద్దు, కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చేస్తుంది.

భీమవరం చెరువుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి చూడండి, టబ్బులో అది కనబడితే మళ్లీ నీళ్లు మార్చండి. చచ్చినదాన్ని వెంటనే తీసేయండి. హమూర్ చేప కోసమైతే పొలుసు రాలకుండా చురుగ్గా ఈదుతున్నవాటినే, తడిచేత్తో పట్టుకుని గాలానికి గుచ్చండి.